అయిదు వోల్టుల దగ్గర

4వ తేదీ, సోమవారం

గ్లాసెడు కాదు, అర గ్లాసు. పోసెయ్యలేదు, ఒలికింది. నిన్న ఫోనులో మీ అమ్మతో “అమ్మమ్మ నా లాప్‌టాప్ మీద గ్లాసెడు నీళ్లు పోసేసింది” అన్నావు చూడు, ఒక్క వాక్యంలో రెండు తప్పులు. ముప్ఫై ఒక్క ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినదాన్ని, కొలత తప్పితే ఊరుకోలేను. బీపీ మాత్ర వేసుకోవడానికి తెచ్చుకున్న గ్లాసు అది. సగం తాగాను. మిగిలింది వంద మిల్లీలీటర్లు. అందులో బల్ల మీద పారింది పోను, తువ్వాలు పీల్చింది పోను, నీ లాప్‌టాప్‌లోకి దిగింది మహా అయితే రెండు చెంచాలు. రెండు చెంచాల నీళ్లకే ప్రాణం వదిలే వస్తువును అంత ధర పోసి కొన్నావంటే తప్పు ఎవరిది?

ఇవేవీ నీతో అనలేదు. నీ మొహం చూస్తే అనబుద్ధి కాలేదు. అందుకే ఈ పుస్తకం తీశాను. రిటైరైన రోజు కాలేజీ నుంచి తెచ్చుకున్న ల్యాబ్ రికార్డు. దొంగతనం కాదు, స్టోరు గుమాస్తా తనంతట తనే ఇచ్చాడు.

శనివారం జరిగింది జరిగినట్టు రాస్తాను. పొద్దున్నే నువ్వు బయటికి వెళ్లావు. లాప్‌టాప్ భోజనాల బల్ల మీద మూత తెరిచి వదిలేసి వెళ్లావు. గ్లాసు ఒలికింది. తువ్వాలుతో ఒత్తాను. పుస్తకం బోర్లించినట్టు బోర్లించాను. సాయంత్రం ఆరింటికి నువ్వొచ్చావు, చెప్పాను. నువ్వు గబగబా మీట నొక్కావు. తెర ఒక నిమిషం వెలిగి ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు. అంతే.

ఎప్పుడు ఒలికిందని అడిగితే “ఇందాకే” అన్నాను. ఇందాక అనేది కొలత కాదు కదా.

ఇకపై ఇందులో నిన్ను నువ్వు అనను. ఎదుట మనిషి ఉందనిపిస్తే నా నోరు వాదనకు దిగుతుంది. పిట్ట అని రాస్తాను, ఇంట్లో పిలిచినట్టే.

5వ తేదీ, మంగళవారం

చెప్పుల కొట్టు మీద మేడ. ఇరవై రెండు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. లెక్క నేను పెట్టలేదు, మోకాళ్లు పెట్టాయి. పైన ఒకటే గది. పొడుగాటి బల్ల, దాని మీద మైక్రోస్కోపు, దానికి తగిలించిన టీవీ తెర. గోడ మీద ఎర్ర అక్షరాలు: “ఇక్కడ నీళ్ల సీసా మూత తీయరాదు.” పిట్ట అది చదివి నా వైపు చూసింది. నేను గడియారం వైపు చూశాను.

లాప్‌టాప్‌లలో చచ్చిన బోర్డులను లేపుతాడట, అందరూ డాక్టరు అంటారట. యాభై దాటిన మనిషి. కళ్లద్దాలు రెండు జతలు, ఒకటి ముక్కు మీద, ఒకటి నెత్తి మీద. “బాగవుతుందా?” అంటే “చూద్దాం.” “ఎన్నాళ్లు పడుతుంది?” అంటే “చూద్దాం.” పేరేమిటని అడిగినా చూద్దామనేలా ఉన్నాడు.

పిట్ట తన గోడు చెప్పుకుంది. దాని ఉద్యోగం ఏమిటో నాకే రెండేళ్లకు గాని అర్థం కాలేదు, ఆయనకు రెండు నిమిషాల్లో చెప్పేసింది. ఊరి చివర ఇద్దరు అక్కచెల్లెళ్లు, బట్టలు కుట్టి బతికినవాళ్లు. ఇద్దరికీ పుట్టుకతో వినపడదు. బడి మొహం చూడలేదు కనుక బడి నేర్పే సైగలూ రావు. అరవై ఏళ్లలో తమ ఇద్దరికే అంటూ ఒక సైగల భాష కుట్టుకున్నారు. పిట్ట దాన్ని వీడియోలు తీసి నిఘంటువు చేస్తోంది. ఆ భాష వచ్చినవాళ్లు లోకంలో ఇద్దరే. ఏప్రిల్‌లో పెద్దక్క పోయింది. ఇప్పుడు చిన్నక్క ఒక్కతే. పిట్టకు వచ్చీ రాని సైగలు కూడా కలిపితే ఒకటింబావు.

“చివరి ఎనిమిది నెలల వీడియోలు ఇందులోనే ఉన్నాయండీ. పెద్దక్క ఉన్నవన్నీ ఇందులోనే.”

“వేరే డిస్కులో కాపీ లేదా అమ్మా?”

“ఆ డిస్కు పాత పనులతో నిండిపోయింది. కొత్తది కొందామనుకుంటూనే...”

“అనుకుంటూనే ఎనిమిది నెలలు” అన్నాను నేను. ఊరుకోవలసింది.

“మెమరీ ఊడదీసి చూడలేరా?” అంది పిట్ట.

“పాత వాటిలో అయితే తీసేవాణ్ణి. ఇందులో మెమరీని బోర్డుకే అతికించేశారు. బోర్డు లేస్తేనే అదీ లేస్తుంది.”

ఛార్జరుకీ లాప్‌టాప్‌కీ మధ్య అగ్గిపెట్టెంత మీటరు పెట్టాడు. అంకె అయిదు దగ్గర ఆగిపోయింది. ఎడమ పక్క రంధ్రంలో పెట్టినా అయిదే, కుడి పక్క పెట్టినా అయిదే.

“ఇరవై వోల్టులకు ఎక్కాలి పెద్దమ్మా. ఛార్జరు ముందు అయిదే ఇస్తుంది. లోపల ఒక్కో రంధ్రానికి ఒక్కో చిప్ ఉంటుంది. ‘నాకు ఇరవై కావాలి’ అని ఆ చిప్ అడగాలి. అప్పుడే ఇస్తుంది. ఇక్కడ రెండూ నోరు మెదపడం లేదు.”

“అడగందే అమ్మయినా పెట్టదు. ఛార్జరు ఎందుకు పెడుతుంది?” అన్నాను. ఆయన నవ్వాడు. పిట్ట నవ్వలేదు.

వచ్చేముందు అడిగాడు: “తడిశాక ఎవరైనా ఛార్జరు పెట్టారా?”

లేదన్నాను.

6వ తేదీ, బుధవారం

ఆయన అడిగింది తడిశాక అని. తుడిచాక అని కాదు.

8వ తేదీ, శుక్రవారం

మళ్లీ ఇరవై రెండు మెట్లు. పిట్ట ఒక్కతే వెళ్తానంది, నేనే పట్టుబట్టాను. ఎందుకు పట్టుబట్టానో నాకే తెలియదు.

డాక్టరు బోర్డును తెర మీద చూపించాడు. మేడ మీద నుంచి చూసిన ఊరిలా ఉంది. వీధులు, సందులు, నల్ల డాబాలు, వరసగా గోధుమరంగు పెట్టెలు. ఎడమ మూల పచ్చగా, నాచు పట్టిన గట్టులా ఉంది. బ్యాటరీ దగ్గర నువ్వుగింజంత వస్తువొకటి లోపల కాలిపోయి, వచ్చిన కరెంటునంతా నేలపాలు చేస్తోందట. దాన్ని ఎలా పట్టుకున్నాడో చూస్తే ముచ్చటేసింది. బోర్డు మీద స్పిరిట్ చల్లి కొంచెం కరెంటు ఇస్తే, వేడెక్కిన చోట స్పిరిట్ ముందు ఆరిపోతుంది. నా క్లాసులో ఉంటే నూటికి తొంభై వేసేదాన్ని. పది తగ్గించేది ఆ చూద్దాం అన్నందుకు.

కాలిన గింజ తీసేశాడు. అయినా అయిదే. ఎడమ రంధ్రం చిప్ తీసి కొత్తది వేశాడు. అయిదే.

“నీళ్లు ఎడమ పక్క నుంచి దిగాయి. పచ్చ ఎడమ పక్కే ఉంది. నేనూ అటే వెతుకుతున్నా. కానీ ఒక్కటి అంతు పట్టడం లేదమ్మా. అరగంట తడికి, బ్యాటరీ ఒక్కదానికి, ఇంత పచ్చ పట్టదు. గంటల తరబడి కరెంటు పారితేనే ఇట్లా తింటుంది.”

ఆ పచ్చ నాకు కొత్తా? బీకరులో రెండు రాగి పలకలు, ఉప్పునీళ్లు, బ్యాటరీ. ఏటా నవంబరులో ఒకసారి, మొత్తం ముప్ఫై ఒక్క సార్లు చేసి చూపించాను. ఒక పలక కరుగుతుంటే పిల్లలు ‘అబ్బ’ అనేవాళ్లు. కరెంటు ఎంతసేపు పారితే అంత లోహం కరుగుతుంది. ఆ ఫారడే సూత్రం చెప్పలేక గోళ్లు కొరికిన పిల్లల్ని బెంచీ ఎక్కించాను కూడా.

“మళ్లీ అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. ఛార్జరు...”

ఈసారి నాకు నోరు తెరిచే పని పడలేదు. పిట్టే చెప్పింది.

“పెట్టలేదండీ. నేనొచ్చేసరికి ఛార్జరు చుట్ట చుట్టి ఎక్కడిదక్కడే ఉంది. మా అమ్మమ్మ కెమిస్ట్రీ లెక్చరరు. ఆవిడ అలాంటి పిచ్చిపని చేస్తుందా?” అని, “మీట నొక్కింది నేను. తడి ఆరకుండా ఆన్ చేసింది నేనే. నా వల్లే పోయింది” అంది.

డాక్టరు నెత్తి మీది కళ్లద్దాలు సర్దుకున్నాడు. “ఒక్క నిమిషానికి ఇంత కాదులేమ్మా” అన్నాడు, ఏమీ తేలనివాడిలా.

మెట్లు దిగేటప్పుడు పిట్ట నా మోచేయి పట్టుకుంది. పడిపోతానేమోనని.

9వ తేదీ, శనివారం

కూర మాడింది. పిట్ట తిని బాగుందంది.

10వ తేదీ, ఆదివారం

మా అమ్మాయి ఫోను చేసింది. పిట్ట స్పీకరులో పెట్టింది.

“తడిసిన వస్తువును ఎవరైనా ఆన్ చేస్తారటే? చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలియదూ?”

“తెలియలేదమ్మా.”

“అమ్మమ్మను అడిగి ఉండాల్సింది. ఇంట్లో లెక్చరరును పెట్టుకుని!”

“అవునమ్మా.”

“నువ్వైనా చెప్పలేదా అమ్మా?” అంది నాతో.

“చెప్పేలోపే నొక్కేసింది” అన్నాను.

అన్నది అన్నట్టే రాశాను. నేను చెప్పబోనూ లేదు, అది ఆగకుండా నొక్కనూ లేదు. మీట మీద వేలు పెట్టి “పెట్టనా?” అని నన్ను అడిగింది. నేను “నీ ఇష్టం” అన్నాను. పనిచేస్తుందని నా ఆశ. నాలుగింటి దాకా పనిచేసింది కదా.

ఈ చివరి వాక్యం కొట్టేద్దామనుకున్నాను. కాలేజీలో రికార్డులో కొట్టివేతలు ఉంటే మార్కులు తీసేసేదాన్ని. ఉండనీ.

11వ తేదీ, సోమవారం

డాక్టరు ఇంటికి ఫోను చేశాడు. ఇక మిగిలింది ఒక్కటే దారట. కరెంటును పంచిపెట్టే పెద్ద చిప్ ఒకటుంది, దాన్ని వేడిగాలితో కరిగించి తీసి కొత్తది పెట్టాలి. దానికి వేలెడు దూరంలో మెమరీ ఉంది.

“వేడి అటు పాకితే?” అని పిట్ట అడిగింది.

“పాకితే అంతేనమ్మా. సగం ఛాన్సు అనుకో. అది కూడా, తప్పు ఆ చిప్‌లోనే ఉంటే. నాకు అంత నమ్మకం లేదు. కానీ ఎడమ పక్కంతా వెతికేశాను, పెద్ద చిప్ తప్ప ఏమీ మిగల్లేదు.”

“కుడి పక్క?”

ఇది నేను అడిగాను. నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

“కుడి పక్క పైకి అద్దంలా ఉంది పెద్దమ్మా. అటు తడే పోలేదు. మంచి చోట వేడి పెట్టి పాడు చేసుకోవడం ఎందుకు?”

పిట్ట బుధవారం పదింటికి ఒప్పుకుంది. తర్వాత నా పక్కన కూర్చుని తన చేతులు తనే చూసుకుంది. పెద్దక్క సైగలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటోందని కాసేపటికి అర్థమైంది. మధ్యలో ఒకదాని దగ్గర ఆగిపోయింది. మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగిపోయింది.

సగం ఛాన్సు అంటే తక్కువేమీ కాదు.

డాక్టరు అనుభవం ఉన్నవాడు.

ఇప్పుడు చెప్పినా పచ్చ వెనక్కి పోయి రాగి కాదు కదా.

12వ తేదీ, మంగళవారం

పిట్ట ఈ రోజు చిన్నక్క ఇంటికి వెళ్లింది. వీడియోలు పోవచ్చన్న కబురు ముందే తన చేతులతో చెప్పాలట, వేరేవాళ్ల ద్వారా తెలియకూడదట. మధ్యాహ్నం తిరిగొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా సోఫాలో కూలబడింది.

“ఏమంది?”

“రోజూ అడుగుతోంది అమ్మమ్మా, అక్కను ఎప్పుడు చూపిస్తావని. నెల మాసికానికి చూపిస్తానన్నాను, తర్వాత...” అని ఆపేసి, “తడిసింది, నేను తొందరపడి ఆన్ చేశాను, పోవచ్చు, నాదే తప్పు అని చెప్పాను. క్షమించమని ఎలా చెప్పాలో వాళ్ల భాషలో నాకు తెలియదు. చేతులు పట్టుకున్నాను.”

“తిట్టిందా?”

“నా వేళ్లు తీసి తన కళ్లకు అద్దుకుంది. పెద్దక్క సైగలు నా వేళ్లలో ఉన్నాయట. అవి చాలట.” పిట్ట మొహం కప్పుకుంది. “నా వేళ్లలో ఏమున్నాయి అమ్మమ్మా? నాకు సగం కూడా గుర్తు లేవు.”

అది లేచి లోపలికి వెళ్లాక ఈ పుస్తకంలో కొత్త పేజీ తిప్పాను. ఇన్నాళ్లూ డైరీలా రాశాను. రికార్డును రికార్డులాగే రాస్తే తప్ప నా చేయి కదిలేలా లేదు.

ప్రయోగం: తడిసిన లాప్‌టాప్‌ను విద్యుత్తుతో ఆరబెట్టుట.

ఉద్దేశం: మనవరాలు వచ్చేలోగా ఏమీ జరగనట్టు చేయుట.

పరికరాలు: లాప్‌టాప్ ఒకటి, ఛార్జరు ఒకటి, చదువుకున్న ముసలిది ఒకతె.

పద్ధతి: పదకొండున్నరకు నీళ్లు పడినవి. తుడిచి, బోర్లించి, పన్నెండు గంటలకు తిరగవేసి ఛార్జరు పెట్టబడినది. ఎవరిచేత అని రికార్డులో రాయనక్కర్లేదు, కానీ నాచేత. ఎడమ పక్క తడిగా ఉన్నందున తెలివిగా కుడి పక్క రంధ్రంలో పెట్టితిని. బోర్లించినప్పుడు ఎడమ నీళ్లు కుడికి పారి ఉంటాయన్న సంగతి తోచలేదు.

పరిశీలన: తెర మీద బ్యాటరీ బొమ్మ వెలిగినది. డెబ్భై ఒకటి అని చూపినది. ప్రాణం లేచి వచ్చినది. ఛార్జింగు వేడికి లోపలి తడి కూడా ఆరుతుందని నాలుగింటి దాకా ఉంచితిని. ఆ నాలుగు గంటల్లో ఒక నిద్ర తీసితిని. హాయిగా పట్టినది. నాలుగింటికి కాలిన గోరు వాసన. బొమ్మ మాయమైనది. తీగ ఊడదీసి, పిట్ట చుట్టినట్టే చుట్ట చుట్టి, ఎక్కడిదక్కడ పెట్టితిని.

ఫలితం: అడిగినవారికి లేదని చెప్పితిని.

నాలుగు గంటలు. ఇరవై వోల్టులు. తడి. రాగి. ఈ లెక్క ఇంటరు పిల్లకు ఇస్తే అయిదు నిమిషాల్లో చేస్తుంది. నేను పది రోజులు తీసుకున్నాను. రాక కాదు.

ఇప్పుడే లేచి పిట్ట గది దాకా వెళ్లాను. తలుపు తీసే ఉంది. అటు తిరిగి పడుకుంది. నిద్ర పోతోందనుకున్నాను. నిద్ర పోతోందనుకోవడం నాకు వీలుగా ఉంది. తిరిగి వచ్చేశాను.

13వ తేదీ, బుధవారం

పొద్దున్న కాఫీ దగ్గర చెబుదామనుకున్నాను. కాఫీ తాగనీలే అనుకున్నాను. ఆటోలో చెబుదామనుకున్నాను. ఆటో డ్రైవరు వింటాడనుకున్నాను. మెట్ల దగ్గర చెబుదామనుకున్నాను. ఆయాసం. నా ఆయాసం కూడా నాకు వంతపాడింది.

డాక్టరు అన్నీ సిద్ధం చేసుకుని ఉన్నాడు. బోర్డును పట్టకారులో బిగించాడు. మెమరీ మీద వెండి రంగు కాగితం అతికించాడు, వేడి తగలకుండా. వేడిగాలి గొట్టం మీట నొక్కాడు. హుష్షుమని చప్పుడు. మూడు వందల డిగ్రీలు దాటిందని తెర మీద అంకె. గొట్టాన్ని బోర్డు వైపు వంచబోయాడు.

“ఆపండి.”

చాలా ఏళ్ల తర్వాత నా క్లాసు గొంతు అది. ఆయన చేయి గాల్లోనే ఆగిపోయింది.

“ఛార్జరు పెట్టాను” అన్నాను.

“ఎప్పుడండీ?”

“ఆ రోజే. నీళ్లు పడిన అరగంటకు. పన్నెండు నుంచి నాలుగు దాకా.”

పిట్ట వైపు చూడలేదు. చూడలేదంటే చూడలేకపోయాను. అది అరుస్తుందని, ఏడుస్తుందని, ఎందుకు చెప్పలేదని అడుగుతుందని, అన్నిటికీ జవాబులు కూడబెట్టుకున్నాను. అది ఒక్కటే మాట అడిగింది.

“ఏ వైపు?”

“కుడి.”

డాక్టరు గొట్టం కట్టేశాడు. నెత్తి మీది కళ్లద్దాలు ముక్కు మీదికి, ముక్కు మీదివి నెత్తి మీదికి మార్చాడు.

“మీరు కెమిస్ట్రీ కదూ చెప్పింది?”

“అవును.”

“మంచిది” అన్నాడు. తిట్టి ఉంటే తేలికయ్యేది.

బోర్డును కుడి పక్కకు తిప్పాడు. పైకి నిజంగానే అద్దంలా ఉంది. కుడి రంధ్రం చిప్ చిన్న వేలి గోటిలో సగం ఉంటుంది, దానికి వేడిగాలి పట్టాడు. మెమరీ అక్కడికి చాలా దూరం. ఒక నిమిషం. సన్నటి పట్టకారుతో ఎత్తి వెల్లకిలా పెట్టాడు.

కింద అంతా నలుపూ పచ్చా. ఉండాల్సిన టంకం చుక్కలు వరసలో నాలుగు లేనే లేవు. కరిగిపోయాయి. నాలుగు గంటలు, నాలుగు చుక్కలు. ఫారడే సూత్రం అంత సరిగ్గా పనిచెయ్యదులే, కానీ నేను లెక్కపెట్టాను.

“ఇదీ సంగతి” అన్నాడు డాక్టరు, నాతో కాదు, బోర్డుతో. “ఏరా, నువ్వు చచ్చింది కాక, దాని గొంతు కూడా పట్టుకున్నావా?” తర్వాత పిట్టకు చెప్పాడు. ఎడమ చిప్‌కీ కుడి చిప్‌కీ మాట పోవడానికి తీగ ఒక్కటేనట. కుడిది కుళ్లి ఆ తీగను నొక్కిపెట్టింది. ఎడమది బాగానే ఉన్నా అడగలేకపోయింది. తను దాన్ని అనవసరంగా పీకి కొత్తది వేశాడు. “పెద్ద చిప్‌లో తప్పేమీ లేదు. దాని మీద వేడి పెట్టి ఉంటే...” అని ఆపేశాడు.

చిప్ లేని చోటును బ్రష్షుతో కడిగాడు. ఆరబెట్టాడు. ఎడమ రంధ్రంలో మీటరు పెట్టి ఛార్జరు తగిలించాడు.

అయిదు.

పిట్ట ఊపిరి నాకు వినిపిస్తోంది.

అయిదు. అయిదు. ఇరవై.

డాక్టరు చూద్దాం అనలేదు. పిట్ట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కుడి రంధ్రం ఇక పనిచెయ్యదు, ఈ బోర్డు ఎక్కువ కాలం బతకదు, ముందు ఉన్నదంతా కాపీ తీసుకోమన్నాడు. అక్కడే కూర్చుని తీసింది. మూడు గంటలు పట్టింది. నేను మూలనున్న కుర్చీలో కూర్చున్నాను. తెర మీద ఒకసారి పెద్దక్క మొహం కనిపించింది. సన్నటి మనిషి, మెడలో కొలత టేపు. పిట్ట వీడియో నడిపించలేదు, ఆ బొమ్మను అలాగే చూస్తూ ఉండిపోయింది.

ఈసారి నా మోచేయి పట్టుకోలేదు. ముందు తను దిగి, అడుగున నిలబడి, నేను ఇరవై రెండూ దిగేదాకా ఆగింది.

“పది రోజులు, అమ్మమ్మా” అంది.

పదకొండు. దిద్దలేదు.

14వ తేదీ, గురువారం

అవసరమైన మాటలే. “గ్యాసు అయిపోయింది.” “తలుపు వేసుకో.”

15వ తేదీ, శుక్రవారం

మా అమ్మాయికి నేనే ఫోను చేసి చెప్పాను. ఆ రోజు పిట్ట ‘పెట్టనా?’ అని నన్ను అడిగిందనీ, నేను నీ ఇష్టం అన్నాననీ కూడా చెప్పాను. అంతా విని “బీపీ మాత్ర వేసుకుంటున్నావా?” అంది. తల్లిని తిట్టడం చేతకాని పిల్లను పెంచాను. పిట్టకు అది వచ్చు. దానికి తిట్టాలని లేదు, అదీ బాధ.

ముసలితనంలో మతిమరుపు వస్తుందంటారు. చుట్ట చుట్టిన తీగ ఎన్ని చుట్లో కూడా గుర్తుంది. ఆరు.

17వ తేదీ, ఆదివారం

పిట్ట పొద్దున్న వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“నేను వెళ్లి చిన్నక్క చేతులు పట్టుకున్నాను. నేను చెయ్యని తప్పుకు.”

“తెలుసు.”

“ఆవిడ నన్ను క్షమించింది. ఆ క్షమ నాది కాదు. నా దగ్గర ఉంచుకోలేను. నువ్వెళ్లు.”

“నాకు ఆ సైగలు రావే.”

“ముప్ఫై ఒక్క ఏళ్లు నల్లబల్ల ముందు చేతులు ఊపావు కదా. మూడు సైగలు నేర్చుకోలేవా?”

తన కొత్త డిస్కు తగిలించి పెద్దక్కను తెర మీదికి పిలిచింది. నీళ్లు అంటే, సూదిలోకి దారం ఎక్కించే ముందు కొన తడుపుకున్నట్టు, రెండు వేళ్లు పెదవికి. నేను అంటే, కొలత టేపు వేలాడే చోట అరచెయ్యి. మూడోది దాచడం. గుడ్డ అంచును లోపలికి మడిచి, మడత మీద బొటనవేలి గోటితో గీస్తుంది. కుట్టేవాళ్లకు దాచడమంటే ఇదే కాబోలు, పోగులు పైకి కనపడకుండా. ఆ సైగను తెర మీద పెద్దక్క ఎంత చక్కగా చేసిందో. నేను చేస్తే చపాతీ మడిచినట్టుంది.

“మడత లోపలికి, అమ్మమ్మా. బయటికి కాదు.”

“లోపలికే మడిచాను.”

“మళ్లీ చెయ్యి.”

ఇరవై సార్లు చేయించింది. పది దాటాక నా చేతిని తన చేతిలోకి తీసుకుని బొటనవేలు తనే సరిగ్గా పెట్టింది. పెట్టి, వెంటనే వదిలేసింది.

సాయంత్రం నా దిండు మీద ఈ చీటీ ఉంది. పోగొట్టుకోకుండా ఇక్కడ అతికిస్తున్నాను.

“రేపు తొమ్మిదిన్నర బస్సు ఎక్కు. కుట్టుమిషన్ల రిపేరు కొట్టు దగ్గర దిగు. ఎదురు సందులో మూడో ఇల్లు, నీలం తలుపు. తలుపు కొట్టకు, పిలవకు. గుమ్మం పక్కన తెల్ల స్విచ్ ఉంది, నొక్కితే లోపల దీపం వెలుగుతుంది. ఒక్కసారే నొక్కు. చిన్నక్క మిషన్ మీద ఉంటే కుట్టు పూర్తి చేసి గాని లేవదు. నీకు ఓపిక తక్కువ, మళ్లీ మళ్లీ నొక్కకు. ఆవిడ ఎదురుగా, వెలుగు నీ మీద పడేలా నిలబడు. పెన్‌డ్రైవ్ నీ చేతిసంచి లోపలి అరలో పెట్టాను, టీవీ వెనక పెట్టాలి. కానీ ముందు నీ మాట చెప్పు. ఆవిడ ఏమంటుందో పూర్తిగా చూడు. ఆ తర్వాతే టీవీ పెట్టు. నా గొడుగు వాళ్లింట్లో ఉండిపోయింది, వచ్చేటప్పుడు తెచ్చెయ్యి.”